పాత పేర్లు

తాళం వేసుకుని వెళ్ళిపోయాడు, నిజంగానే వేసుకుని వెళ్ళిపోయాడు బ్రహ్మయ్య, చెప్పుల చప్పుడు కంప్యూటర్ ల్యాబు దాటి వరండాలో కలిసిపోయింది, గట్టిగా పిలిస్తే వినపడుతుందేమో కానీ ఏమని పిలుస్తుంది, తాళం వెయ్యమన్నది కరస్పాండెంటు భావనారాయణ గారే కదా. పోయిన నెల ల్యాబులో ఎవరో మెమరీ కార్డులు పీక్కుపోయారు, అప్పటినుంచి ఈ సర్వర్ గదికి లోపల మనిషి ఉన్నా లేకపోయినా తాళమే. "పని అయ్యేదాకా మేడమ్‌ని ఎవరూ కదిలించకూడదు, తాళం వేసి ఇక్కడే కూర్చో" అన్నారాయన. అటెండరు బ్రహ్మయ్య తాళం వేశాడు, కూర్చోలేదు, అన్నానికి వెళ్ళాడు. మే నెల మధ్యాహ్నం, జగ్గయ్యపేట బయట హైవే పక్కన ఇంజనీరింగ్ కాలేజీ, ల్యాబులో ఒక మూలకి ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన గది, ఒకప్పుడు కిటికీ ఉండేది, ఏసీ చల్లదనం పోతుందని దానికీ ప్లైవుడ్ కొట్టేశారు. వాగ్దేవి ఆ పలక వైపు చూసింది, మేకుల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల బూడిద రంగు దుమ్ము, మూసేసిన కిటికీలోంచి కూడా అది ఎలా వస్తుందో, మనిషి వెళ్ళలేని చోటికి దుమ్ము వెళుతుంది.

తెలుస్తుందండీ అన్నాను కదా, అంత తేలిగ్గా ఎలా అన్నాను. తాళం పడకముందు భావనారాయణ గారు గుమ్మంలో నిలబడి, తెల్లచొక్కా జేబులో కళ్ళజోడు పెట్టుకుంటూ, ఊరికే అడుగుతున్నట్టు అడిగారు. "అమ్మా, నువ్వు ఇది పెట్టాక, ఆ నల్లకలువ అని రాస్తుందే, అదెవరో మనకి తెలుస్తుంది కదూ?" తెలుస్తుందండీ అన్నది ఆమె, ప్రోగ్రాము పనిచేస్తుందా అని అడిగితే చేస్తుందండీ అన్నట్టు. "మంచిది. మనుషుల మీద ఊరికే బురద చల్లుతున్నారమ్మా ఈ పిల్లలు. ఒకరిద్దరికి టీసీ ఇచ్చి పంపితే మిగతావాళ్ళు దారిలోకొస్తారు. మూడింటికి థర్డ్ ఇయర్ అమ్మాయిల ల్యాబుంది, అక్కడే మొదలుపెడదాం." తలుపు మూసుకుంది, తాళం తిరిగింది, అప్పటిగ్గానీ ఆ మాటలు ఆమె లోపలికి దిగలేదు.

ఏడాదిన్నరగా ఈ కాలేజీకి ఆమె రాసిపెట్టిన ప్రోగ్రాములు నాలుగు, హాజరు, మార్కులు, లైబ్రరీ, హాస్టల్ ఫిర్యాదుల పెట్టె. నాలుగింటికీ అడుగున పునాదిలా ఒకటే ఫ్రేమ్‌వర్క్, హైదరాబాదు ఉద్యోగంలో నేర్చుకున్నదంతా పెళ్ళయ్యాక ఇక్కడికి తెచ్చుకుని, అత్తగారింట్లో బియ్యం బస్తాల గదిలో బల్ల వేసుకుని, ఒక్కతే కూర్చుని కట్టుకున్నది. నాలుగింటికీ నాలుగు లాగిన్లు, పిల్లలకి నాలుగు పాస్‌వర్డులు, రోజూ ఎవరో ఒకరు మర్చిపోయి ల్యాబు గుమ్మంలో నిలబడేవాళ్ళు. అందుకే ఈ రెండు నెలలూ ఆ నాలుగు లాగిన్లనూ పీకేసి ముందు ఒకే గేటు పెట్టింది. అమ్మాయి గేటు దగ్గర ఒక్కసారి తన రోల్ నంబరూ పాస్‌వర్డూ ఇస్తే చాలు, గేటు ఒక చీటీ ఇస్తుంది, ఆ చీటీతో లైబ్రరీకి వెళ్తే లైబ్రరీ వెనక్కి తిరిగి గేటునే అడుగుతుంది, ఈ చీటీ నువ్విచ్చిందేనా, ఎవరీ అమ్మాయి అని, గేటు రోల్ నంబరు చెబుతుంది. మార్కులకైనా అంతే, హాజరుకైనా అంతే. మొదటిసారి అది పనిచేసిన రోజు బస్తాల మధ్య ఒక్కతే కూర్చుని నవ్వుకుంది, ఎవరికి చెప్పాలి, అత్తగారు శ్యామలాదేవికి చెబితే, సర్లే అన్నం తిన్లేదేం అన్నది.

కానీ ఫిర్యాదుల పెట్టెకి ఇన్నాళ్ళూ రోల్ నంబర్లు తెలియవు. కావాలనే తెలియకుండా రాసింది వాగ్దేవి. హాస్టల్ అమ్మాయిలు వాళ్ళకి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, వెన్నెల, మిరపకాయ్, నేనే, నల్లకలువ. మొదటి పేజీలో తన చేత్తో టైపు చేసింది: మీ అసలు పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. మరి గేటు పెట్టాక ఆ పాత పేర్లు ఏం కావాలి, దానికీ ఒక పేజీ రాసింది, మీ పాత పేరూ పాత పాస్‌వర్డూ ఒక్కసారి ఇవ్వండి, మీ పాత ఫిర్యాదులు మీ కొత్త ఖాతాలోకి వచ్చేస్తాయి. ఎంత శ్రద్ధగా రాసింది, పిల్లలు రాసుకున్నవి పోకూడదని. ఒక పక్క నల్లకలువ, పక్కనే రోల్ నంబరు, ఎవరి పేరు వాళ్ళే తెచ్చి ఆయన చేతిలో పెడతారు. మొన్న లాస్య అడిగింది కదా, థర్డ్ ఇయర్ లాస్య, రెండు జడల పిల్ల, ల్యాబు మెట్ల మీద తనని నిలబెట్టి, "మేడమ్, కొత్త లాగిన్ వచ్చాక పాత పేర్లు ఏమవుతాయండి?" అని. అన్నీ నీ పేరుకే కలిసిపోతాయమ్మా, ఒక్కటీ పోదు, భయపడకు అన్నది తను. ఆ పిల్ల సరేనండి అని కిందికి దిగి, మళ్ళీ రెండు మెట్లు ఎక్కి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది.

టక్కుమని ఏసీ ఆగింది. లైటు పోయింది. తెర వెలుగొక్కటే మిగిలింది, మూలనున్న యూపీఎస్ ఒకసారి కూసి ఊరుకుంది, కాసేపటికి మళ్ళీ కూసింది. బ్యాటరీ ఒక గంట లాగుతుందేమో, అది కూడా పోయిన వేసవి లెక్క. ఈ లోపల పని పూర్తి చెయ్యాలి, సగంలో సర్వర్ ఆగిపోతే సగం రాసినవి సగంగానే ఉండిపోతాయి, పాతవీ కాకుండా కొత్తవీ కాకుండా. చల్లదనం ఎంత తొందరగా పోతుందో, ఇప్పుడే మెడ వెనక చెమట, యంత్రాల వేడి మోకాళ్ళకి తగులుతోంది, ఊపిరాడదేమో అనిపించి లేచి తలుపు లాగింది, తెలిసి కూడా లాగింది, రాలేదు.

ఉదయభాస్కర్‌కి ఫోన్ చేసింది. భర్త ఇదే కాలేజీలో మెకానికల్ లెక్చరర్, ఈ వేళప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఉంటాడు. చెప్పింది, కరస్పాండెంటు గారు ఏమన్నారో, తను ఏం రాసిందో, ఎవరికి టీసీ ఇస్తారో. అవతల ఫ్యాను ఆగిన గదిలో ఎవరో పేపరుతో విసురుకుంటున్న చప్పుడు. "చేసెయ్ వాగ్దేవీ. ఆయన సర్వరు, ఆయన కాలేజీ. జూన్‌లో నన్ను పర్మనెంట్ చేస్తానన్నారు, తెలుసుగా." అది కాదండీ, అసలు ఆ పిల్లలు ఏం రాశారో మీకు తెలుసా అన్నది. అతను గొంతు తగ్గించాడు. "కరస్పాండెంటు గారి మేనల్లుడి గురించి. హాస్టల్ మేనేజరు, రాజ్‌కిరణ్." మీకెలా తెలుసు అన్నది. "అందరికీ తెలుసు. నీకెందుకు చెప్పు ఇవన్నీ?" అందరికీ తెలుసు. ఆ మాట తర్వాత ఎవరు ముందు పెట్టేశారో కూడా ఆమెకి గుర్తు లేదు, ఫోను చెంపకి చెమటతో అంటుకుని ఉంది.

అందరికీ తెలుసు, నాకు తప్ప. ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆ ఫిర్యాదులు తెరిచి చూడలేదు, చూడగలిగినా చూడలేదు, అది పద్ధతి అనుకుంది, ఒకరు రాసుకున్నది ఇంకొకరు చదవకూడదు. నందిగామలో నేర్పిన పద్ధతి. గాంధీ సెంటర్ దగ్గర మందుల షాపు మీద కంప్యూటర్ సెంటరు, తొంభై ఏడో సంవత్సరం, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళాలి, దుమ్ము పడితే కంప్యూటర్ చెడిపోతుందనేవాళ్ళు, చల్లటి నేల మీద వట్టికాళ్ళతో నడుస్తుంటే గుళ్ళోకి వెళ్ళినట్టు ఉండేది. భార్గవ సారు మొదటిరోజే అందరిచేతా పాస్‌వర్డు పెట్టించాడు, ఎవరికీ చెప్పకండి, నాక్కూడా చెప్పకండి అన్నాడు. ఆ సాయంత్రం బట్టల కొట్లో నాన్న, ఏం పెట్టావమ్మా పాస్‌వర్డు అన్నాడు, చెప్పకూడదు నాన్నా అన్నది. నాన్న దశరథరామయ్య గుడ్డ తాను చుట్టడం ఆపి, కొట్లో బేరానికొచ్చినవాళ్ళందరికీ వినపడేలా, "చూశారా, మా అమ్మాయి నాక్కూడా చెప్పదంట" అని పకపకా నవ్వాడు. కోపం రాలేదు నాన్నకి. ఆ ఒక్క మాట పూర్తిగా తనది, ఇంట్లో ఎవరికీ దాని మీద హక్కు లేదు, పదిహేడేళ్ళ వయసులో అలాంటిది ఇంకేముంది తన దగ్గర, బట్టలు అమ్మ కొన్నవి, చదువు నాన్న చెప్పింది, పేరు తాతయ్య పెట్టింది.

యూపీఎస్ కూసింది. ఫిర్యాదులు తెరిచింది. పద్ధతి తప్పుతున్నానని తెలిసే తెరిచింది. అన్నంలో పురుగులు, బాత్రూములో నీళ్ళు రావడం లేదు, ఫీజు కట్టినా రసీదు ఇవ్వలేదు, అవన్నీ దాటుకుంటూ కిందికి వెళ్ళింది. నల్లకలువ: రాత్రి కరెంటు పోయినప్పుడు మేనేజర్ సార్ టార్చిలైటు పట్టుకుని పై అంతస్తుకి వస్తున్నారు, ఏమిటి సార్ అంటే కరెంటు చూడ్డానికి అంటున్నారు, మెయిన్ స్విచ్ కింద ఉంటుంది. కింద కాలేజీవాళ్ళ జవాబు, పరిశీలించడమైనది. వెన్నెల: సార్ టార్చిలైటు మొహాల మీద వేస్తారు, మంచం మంచం దగ్గర ఆగుతారు. పరిశీలించడమైనది. మిరపకాయ్: నేను మేలుకునే ఉన్నాను, నిద్రపోతున్నట్టు నటించాను, ఆయన నా దుప్పటి సర్దారు, నేను అరవలేదు, నేనెందుకు అరవలేదో నాకే తెలియదు. పరిశీలించడమైనది. ఇంకొకటి, ఇంకొకటి. ఒకమ్మాయి రాసింది, మా ఊరు చెవిటికల్లు, మా నాన్నకి తెలిస్తే చదువు మాన్పించేస్తాడు, దయచేసి ఇంటికి చెప్పకండి, నాకు మాత్రమే ఇలా జరుగుతోందేమో. నాకు మాత్రమే. ఆ మాట చాలామంది రాశారు. ఒకే వరండాలో, పక్కపక్క మంచాల్లో పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, ల్యాబులో తెర పక్కకి తిప్పుకుని టైపు చేసి, ఏమీ ఎరగనట్టు కలిసి మెస్‌కి వెళ్ళి ఉంటారు.

నందిగామ నుంచి బెజవాడ బస్సులో డిగ్రీకి వెళ్ళే రోజులు, ఖాకీ సంచి మనిషి ఒకడు, రోజూ ఎక్కేవాడు, రోజూ వెనకే నిలబడేవాడు, చోటు ఉన్నా అక్కడే నిలబడేవాడు. వాగ్దేవి ఎవరికీ చెప్పకుండా ఎనిమిదింటి బస్సు మానేసి ఏడింటి బస్సుకి వెళ్ళడం మొదలుపెట్టింది, అమ్మ సౌభాగ్యమ్మ తెల్లారకుండా క్యారేజీ కట్టలేక విసుక్కునేది. ఎన్నో ఏళ్ళ తర్వాత స్నేహితురాలి పెళ్ళిలో, ఆకుల ముందు కూర్చుని, మాటల్లో తేలింది, ఆ బస్సు మానేసింది తనొక్కతే కాదు, ఆ బంతిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరుగా మానేశారు, ఒకతి లెక్కల ట్యూషన్ అని చెప్పింది, ఒకతి ఎన్‌సీసీ అని చెప్పింది. అప్పుడు నవ్వుకున్నారు. నవ్వేశాక ఎవరికీ అన్నం సహించలేదు. అందరం కలిసి ఒక్క రోజు ఆ బస్సు ఎక్కి ఉంటే ఏమయ్యేదో.

ఇప్పుడేం చెయ్యాలి. ఫిర్యాదుల పెట్టెని గేటుకి కలపకుండా వదిలేస్తే, రేపే బెజవాడ నుంచి ఇంకో కుర్రాడిని పిలిపిస్తారు, తను రాసిన పేజీ ఉండనే ఉంది, పూటలో కలిపేస్తాడు. పనిచెయ్యలేదని అబద్ధం చెబితే రెండు రోజులు, అంతకంటే ఆగదు. ఆ పేర్లు ఉన్నంతకాలం ఎవరో ఒకరు వాటికి రోల్ నంబర్లు తగిలిస్తారు. పేర్లే ఉండకూడదు. ఫిర్యాదులు ఉండాలి, పేర్లు పోవాలి. వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆయన సర్వరు, ఆయన కాలేజీ. జూన్‌లో పర్మనెంట్. అత్తగారు అప్పుడే ఇంటికి సున్నం వేయించాలంటున్నారు. కాదని తను ఎక్కడికి వెళుతుంది, తలుపుకి తాళం ఉందని కాదు, తాళం తీసినా ఈ ఊళ్ళో తను నడిచే దారి ఇంటికీ కాలేజీకీ మధ్యే కదా, నందిగామలో దశరథరామయ్య గారి అమ్మాయి, ఇక్కడ ఉదయభాస్కర్ గారి మిసెస్, ఒక్క హైదరాబాదులోనే కొన్నాళ్ళు ఉత్త వాగ్దేవి. చెమట కళ్ళల్లో పడి తెర మీద అక్షరాలు అల్లుకుపోతున్నాయి, పైటతో తుడుచుకుంది, యూపీఎస్ కూతలు దగ్గరపడుతున్నాయి.

ముందు, ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని పొద్దున తీసిన ఫిర్యాదుల కాపీని చెరిపేసింది, దాన్ని ఉంచితే చేసిందంతా వృథా. తర్వాత ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటీ చదువుతూ వచ్చింది, మనిషిని పట్టిచ్చే మాట ఏది కనపడినా తీసేస్తూ, గది నంబర్లు తీసేసింది, చెవిటికల్లు తీసేసింది, ఒకమ్మాయి తన చెల్లెలి పేరు రాస్తే అది తీసేసింది. ఆ తర్వాత రాసినవాళ్ళ పేర్లు మొత్తం తుడిచి, అన్నిటి ఎదురుగా ఒకే మాట పెట్టింది, హాస్టల్ విద్యార్థిని. నల్లకలువ లేదు, వెన్నెల లేదు. మరి పాత ఫిర్యాదులు ఎవరి ఖాతాలోకి వెళ్ళాలి? పేరు లేనప్పుడు ఏది ఎవరిదో గేటు చెప్పలేదు. చెప్పగలిగింది ఒక్కటే, ఈ అమ్మాయి హాస్టల్‌లో ఉంటుంది అని. అయితే హాస్టల్ అమ్మాయి ఎవరు లోపలికొచ్చినా, మీ పాత ఫిర్యాదులు అన్న చోట అన్నీ కనపడతాయి. ఆగింది. ఇది తప్పేమో. ఒకరు కుమిలి రాసుకున్నది అందరి ముందూ పరచడం, ఎవరినీ అడగకుండా, వాళ్ళ తరఫున తను నిర్ణయించడం. తను కూడా కరస్పాండెంటు గారు చేసే పనే చేస్తోందేమో. మంచం మంచం దగ్గర ఆగుతారు. నాకు మాత్రమే ఇలా జరుగుతోందేమో. మీట నొక్కింది. తెర మీద గీత ఒకటి మెల్లగా కదిలి, ఆగి, కదిలి, చివరికి చేరింది.

కరెంటు వచ్చింది, ఏసీ మూలిగింది, చల్లగాలి తడి చొక్కాలాగా ఒంటికి అంటింది. ఇంకాసేపటికి తాళం తిరిగింది, బ్రహ్మయ్య మొహం, "అయ్యో, చెమటలు పట్టేశాయేంటండీ, కరెంటు పోయిందని చెప్పలేదేంటండీ" అంటూ, అతని వెనక భావనారాయణ గారు, ల్యాబు నిండా అప్పటికే థర్డ్ ఇయర్ అమ్మాయిలు, గుమ్మం దగ్గర ఉదయభాస్కర్, ఎప్పుడొచ్చాడో. అయిందామ్మా అన్నారాయన. అయిందండీ. "నువ్వు రామ్మా" అని ఆయన ముందు వరసలో ఉన్న లాస్యని పిలిచి కూర్చోబెట్టారు, ఆమె వెనకే నిలబడి కళ్ళజోడు పెట్టుకున్నారు. లాస్య రోల్ నంబరు కొట్టింది, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు, ఆ పిల్ల వేళ్ళ చివర్లు తెల్లబడి ఉన్నాయి. ఫిర్యాదుల పేజీ వచ్చింది.

"పేర్లేవి? ఇదేంటమ్మా, అందరికీ హాస్టల్ విద్యార్థిని అని వస్తోంది?"

"పేర్లు తీసేశానండీ."

"ఎవరినడిగి తీసేశావ్?"

"ఎవరినీ అడగలేదండీ. వెనక్కి కూడా రావండీ, కాపీ ఉంచలేదు."

ఆయన అరవలేదు. ఉదయభాస్కర్ వైపు తిరిగి చూశారు, అంతే, ఆ చూపులో జూన్ నెల మొత్తం అయిపోయింది. కానీ లాస్య ఇదేమీ వినడం లేదు. ఆ పిల్ల చదువుతోంది. కిందికి జరుపుతోంది, చదువుతోంది, ఇంకా కిందికి. పెదాలు కదులుతున్నాయి. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి మెడ చాచి చూసి, గబగబా తన తెర మీద తన నంబరు కొట్టుకుంది. వెనక వరసలో ఇంకెవరో. లాస్య తల తిప్పి పక్కమ్మాయితో అన్నది, చాలా చిన్నగా, అయినా ల్యాబంతా విన్నది.

"ఇంతమందిమి ఉన్నామే మనం?"

ఆ అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏమవుతుందో వాగ్దేవికి అప్పటికి తెలియదు. అమ్మాయిలందరూ ఆ సాయంత్రం మెస్‌కి వెళ్ళకుండా ప్రిన్సిపాల్ గది ముందు నేల మీద కూర్చుంటారనీ, మైలవరం నుంచీ రెడ్డిగూడెం నుంచీ తల్లిదండ్రులు జీపుల్లో వస్తారనీ, రాజ్‌కిరణ్ మర్నాడు పొద్దున్నే ఊళ్ళో ఉండడనీ, ఉదయభాస్కర్ ఉద్యోగం జూన్ దాకా కూడా నిలవదనీ, ఆ కోపం ఇంట్లో ఎన్నాళ్ళు మాటల్లేకుండా తిరుగుతుందో, ఏదీ తెలియదు. ఆ క్షణానికి తెలిసిందల్లా కుర్చీలు కిర్రుమంటున్న చప్పుడు, ఒక్కొక్క తెరా వెలుగుతుండడం, భావనారాయణ గారు కరెంటు ఆపెయ్యమని బ్రహ్మయ్యతో అంటుండడం, బ్రహ్మయ్య ఏ స్విచ్చో తెలియనట్టు గోడవైపు చూస్తూ నిలబడడం.

"ఇంటికి పద" అన్నాడు ఉదయభాస్కర్, దగ్గరికొచ్చి, ఆమె మొహంలోకి చూడకుండా. పద అన్న మాటకి ఆమె కాళ్ళు అలవాటుగా కదిలాయి కూడా, రెండడుగులు గుమ్మం వైపే పడ్డాయి.

వెనక వరసలోంచి ఒక పిల్ల చెయ్యెత్తింది, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని. "మేడమ్, నా లాగిన్ తప్పంటోందండీ. నాక్కూడా తెరవండి మేడమ్, నేనూ చూడాలి."

"మీరు వెళ్ళండి" అన్నది వాగ్దేవి భర్తతో, "నాకు ఇంకా పనుంది" అని, కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఆ పిల్ల దగ్గరికి నడిచింది.